దిగే టైము చూసుకుని ఎక్కండి

అరకు వెళ్దామని ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగే మాట, "పొద్దున్న ఎన్నింటికి బయల్దేరదాం?" నేను తిరిగి అడిగేది, "సాయంత్రం ఎన్నింటికి దిగుదాం?" దీనికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. దిగడానికేముంది, వచ్చిన దారే కదా, అప్పుడు చూసుకుందాంలే అంటారు. విశాఖపట్నంలో టూరిస్టు కారు నడుపుకుని బతికే మాకు మాత్రం అసలు ప్రయాణం అక్కడే ఉంది. కొండ ఎక్కడం ఇంజను పని. దిగడం బ్రేకుల పని, డ్రైవరు ఓపిక పని, వెలుతురు పని. ఎక్కేటప్పుడు ఇంజనుకు శక్తి చాలకపోతే బండి ఆగిపోతుంది. దిగేటప్పుడు బ్రేకుకు శక్తి చాలకపోతే ఆగదు.

ఈమధ్య సొంత కార్లలో వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో హైవే మీద వందలో వచ్చి, అదే ఊపులో శృంగవరపుకోట దాటి ఘాటీలో పడతారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. మా గిరాకీ మేమే తగ్గించుకోవడం అనుకోండి, అయినా ఫర్వాలేదు. కిరాయి పోతే మళ్లీ వస్తుంది.

ముందు దారి సంగతి. విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాకా మామూలు రోడ్డే, ఊళ్లూ ఆటోలూ గేదెలూ. బొడ్డవర, కాశీపట్నం దాటాక ఘాటీ మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, ఆ తర్వాత అరకు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దారిలో అన్నిటికంటే ఎత్తు అరకు కాదు. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న లోయ. గాలికొండ దగ్గర రోడ్డు అంతకంటే పైకి ఎక్కి, అవతలి వైపు లోయలోకి దిగుతుంది. అంటే తిరుగు ప్రయాణంలో అరకు నుంచి ముందు ఎక్కాలి, ఆ తర్వాతే పెద్ద దిగుడు. రోజంతా తిరిగి, తిని, పిల్లలు నిద్రలోకి జారుకున్నాక, డ్రైవరుకు కళ్లు బరువెక్కే వేళకు ఆ దిగుడు మొదలవుతుంది. ప్లాను వెయ్యాల్సింది దానికి.

అందుకే నేను రోజును చివర్నుంచి లెక్కపెడతాను. డిసెంబరులో మా విశాఖ వైపు సాయంత్రం ఐదూ ఇరవై, ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. హైదరాబాదు వాళ్లకు ఇది అంతుపట్టదు, అక్కడ ఇంకాస్త వెలుతురు ఉంటుంది. పైగా ఈ ఘాటీ సముద్రం వైపు, తూర్పు మొహంగా ఉంది. సూర్యుడు కొండ వెనక్కి వెళ్లిపోతాడు కాబట్టి పడమట ఇంకా ఎండ ఉండగానే మలుపుల్లో నీడ కమ్ముతుంది. ఐదింటికి బండి మైదానంలో ఉండాలంటే మూడున్నరకల్లా అనంతగిరి దాటాలి. అలా దాటాలంటే రెండున్నరకు అరకులో భోజనం, చేతులు కడుక్కోవడం, కాఫీ పొడి బేరాలు అన్నీ ముగియాలి. ఇలా వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే పొద్దున్న ఐదింటికి విశాఖలో బండి తియ్యాలని దానంతటదే తేలుతుంది. ఏడింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరేవాళ్లు పైనే ఒక రాత్రి ఉండాలి. మధ్యేమార్గం లేదు.

పొద్దున్నే ఎక్కడంలో ఇంకో లాభం, చూడ్డానికే కదా వెళ్లేది. తూర్పు మొహం కొండలు కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా వాటి మీద పడుతుంది. డముకు దగ్గర ఆగి కిందికి చూస్తే లోయలో మంచు ఒక్కో పొరగా విడిపోతూ ఉంటుంది. అదే చోట మధ్యాహ్నం రెండింటికి ఆగితే అంతా ఒకే బూడిద రంగు. ఫోటోలు బాగా రాలేదని మళ్లీ ఫోనును తిడతారు.

బొర్రా గుహలు మాత్రం ఈ లెక్కకు ఎదురు తిరుగుతాయి. వాటిని తెల్లవారుజామున తెరవరు. ఎక్కేటప్పుడు చూద్దామంటే గేటు దగ్గర కూర్చోవాలి, దిగేటప్పుడు చూద్దామంటే పొద్దు చాలదు. రోడ్డు నుంచి పక్కకు వెళ్లి రావాలి, లోపల మెట్లు దిగి ఎక్కాలి, కోతుల దగ్గర పిల్లల బిస్కట్లు కాపాడుకోవాలి. తక్కువలో తక్కువ రెండు గంటల పని. ఒక్క రోజులో అరకు, బొర్రా, కటికి జలపాతం, చాపరాయి, మ్యూజియం అన్నీ చూడాలని కాగితం మీద రాసుకొచ్చేవాళ్లకు నేనొకటే చెబుతాను: బొర్రా ఉంచుకుని అరకు వదిలెయ్యండి, లేదా అరకు ఉంచుకుని బొర్రా వదిలెయ్యండి. రెండూ కావాలంటే పైన గది తీసుకోండి. అనంతగిరిలోనూ అరకులోనూ పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్టులున్నాయి. డిసెంబరు, జనవరి శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు.

పెద్దవాళ్లుంటే నేను చెప్పే ఉపాయం వేరే ఉంది. వాళ్లను పొద్దున్నే కిరండూల్ రైలెక్కించండి. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను అది. 58 సొరంగాలు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు, టికెట్టు దొరకడమే కష్టం. మీరు కారులో ఎక్కి బొర్రా స్టేషన్లోనో అరకులోనో వాళ్లను దింపుకోవచ్చు. మలుపుల్లో కడుపు తిప్పడం వాళ్లకు ఒక పూటైనా తప్పుతుంది, కారులో బరువూ తగ్గుతుంది.

ఇక బండి. ఘాటీకి ముందు నేను చూసుకునేవి తక్కువే, కానీ వదలను. టైర్లలో గాలి, స్టెప్నీలో కూడా. స్టెప్నీ చూసేవాళ్లు అరుదు. కూలెంటు. హెడ్‌లైట్లు, ఫాగ్ లైట్లు, వైపర్ బ్లేడు. బ్రేకు ప్యాడ్లు ఎంత మందం ఉన్నాయో చక్రం ఊడదీయించి చూపించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరికీ గుర్తుండనిది బ్రేక్ ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్-3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. పెడలు కింద తగులుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. ఊళ్లో తిరిగే కారులో ఐదేళ్ల పాత ఆయిలున్నా బయటపడదు, ఎందుకంటే అక్కడ బ్రేకు అంత కాగదు. రెండేళ్లకోసారి మార్పించడానికయ్యే ఖర్చు అరకులో ఒక పూట భోజనం ఖర్చుకు అటూ ఇటూ ఉంటుంది.

ఎస్.కోటలో టాంకు నింపుకోండి. టిఫిన్ కూడా అక్కడే, కానీ పూరీలు వద్దు. నూనె తిని మలుపులెక్కితే ఏమవుతుందో నా వెనక సీటు కవర్లకు తెలుసు. ఇడ్లీ చాలు. చెవిలోపలి భాగం బండి తిరుగుతోందని చెబుతుంటే కళ్లు ఫోన్ తెర మీద కదలకుండా ఉంటాయి. ఆ రెండు కబుర్లూ పొసగక కడుపు తిరుగుతుంది. అందుకే పిల్లల చేతిలో ఫోన్ తీసేసి కిటికీలోంచి దూరంగా చూడమనండి. వాంతులొచ్చేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. అద్దం కొంచెం దించండి. చెవులు దిబ్బడేస్తే గుటక వేస్తే సరి. ఇవన్నీ చేసినా డ్రైవరు ప్రతి మలుపుకూ కుదుపుతో తొక్కి, కుదుపుతో వదులుతుంటే లాభం లేదు. సగం వాంతులు డ్రైవరు కాలి వల్లే.

ఎక్కేటప్పుడు పెద్ద విద్యేమీ లేదు. మలుపులోకి వెళ్లకముందే గేరు దించాలి, మలుపు మధ్యలో కాదు. మనం ఎడమ వైపు నడిపేవాళ్లం కాబట్టి ఎడమకు తిరిగే గుండుసూది మలుపులో లోపలి అంచున పడతాం. అక్కడ వాలు ఎక్కువ, చుట్టు చిన్నది. సెకండ్ చాలక ఫస్టు వెయ్యాల్సి వస్తుంది. మొహమాటం లేకుండా వెయ్యండి. ఆర్టీసీ బస్సు గానీ లోడు లారీ గానీ ఎదురొస్తుంటే మలుపుకు ఇవతలే ఆగండి. దానికి రోడ్డంతా కావాలి, దాని మూతి మన వైపుకి వచ్చి తిరిగి వెళ్తుంది. మలుపులో ఇద్దరూ కలుసుకుంటే ఎవరో ఒకరు రివర్స్ పట్టాలి. అది మీరే అవుతారు. కనపడని ప్రతి మలుపుకూ ఒక హారన్, ఒక్కటే. ఇరుకు కొండ రోడ్డు మీద దిగే బండి ఎక్కే బండికి దారివ్వాలని డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. వాలులో ఆగిన బండిని మళ్లీ పైకి కదల్చడం కష్టం కాబట్టి ఆ నియమం. పాటించేవాళ్లు మాత్రం లారీ డ్రైవర్లే ఎక్కువ.

టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపండి. ఇంకా పోతుంటే హీటర్ పూర్తిగా పెట్టండి, ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుంది. చెమటలు పడతాయి, పట్టనివ్వండి. అప్పటికీ తగ్గకపోతే వెడల్పు చూసి ఆపి చల్లారనివ్వాలి. రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది కూడా. వెయ్యి మీటర్ల ఎత్తున దాదాపు పదో వంతు తక్కువ. టర్బో లేని చిన్న పెట్రోలు కారులో ఐదుగురు ఎక్కి ఏసీ వేసుకుంటే ఆ తేడా యాక్సిలరేటర్ కింద తెలుస్తుంది. బండిలో ఏదో చెడిందని కంగారుపడకండి.

ఆపడం గురించి ఒక గొడవ ఉంది నాకు. ఘాటీలో ఎక్కడ బండి ఆపినా చక్రం కింద రాయి పెడతారు, మంచిదే. మేమూ పెడతాం. కానీ బయల్దేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీదే వదిలేసి పోతారు. ఇటుక రాయంత ఉంటుంది, సరిగ్గా బండి చక్రం వెళ్లే గీత మీద. చీకట్లో గానీ మంచులో గానీ వెనకొచ్చే మోటారు సైకిలు వాడికి అది కనపడదు. నేను దారిలో అలాంటివి కనపడితే ఆపి పక్కకు తోస్తాను. ఆ ఆపడానికీ చోటు దొరకాలిగా. మలుపులో సెల్ఫీకి ఆపేవాళ్ల గురించి చెప్పడం మానేశాను. కోతులకు అరటిపళ్లు విసిరేవాళ్ల గురించి కూడా. మలుపు దగ్గర తిండి దొరుకుతుందని కోతి మలుపు దగ్గరే కాపు కాస్తుంది, టైరు కింద పడేదీ అక్కడే.

ఆగదగ్గ చోట్లు ఉన్నాయి. డముకు వ్యూ పాయింటు, గాలికొండ, కాఫీ తోటల దగ్గర రోడ్డు వెడల్పైన చోట్లు. కాఫీ తోట దగ్గర ఆగితే ఊరికే ఫోటో తీసుకుని వచ్చెయ్యకండి. తల పైకెత్తితే నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియం తీగ, వాటి నీడలో మన ఛాతీ ఎత్తున కాఫీ మొక్కలు, ఒకే నేలలో మూడు అంతస్తులు. నవంబరు నుంచి జనవరి మధ్య వెళ్తే కొమ్మ పొడవునా ఎర్రటి పళ్లుంటాయి. పండు చిదిమితే వేళ్లకు జిగురు అంటుతుంది, నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. కాఫీ వాసనే ఉండదు. ఆ వాసనంతా గింజ వేయించాక వచ్చేది. గిరిజన రైతులు పండించే ఈ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పళ్లు మాత్రం కోసుకుని జేబులో వేసుకోకండి, అది ఒకరి పంట. సుంకరమెట్ట దాటి లోయలోకి దిగితే అదే కాలంలో వలిసె పూలు, పొలానికి పొలం పసుపు పచ్చగా. పూలలోకి దిగి ఫోటోలు తీసుకోవడానికి కొన్ని చోట్ల రైతులు డబ్బులు అడుగుతారు. ఇవ్వండి, మనం తొక్కేది వాళ్ల నూనె గింజలు.

బొంగు చికెన్ గురించి నన్నడగొద్దు. అందరూ తింటారు, నేనూ తింటాను. కానీ తినడానికి పట్టే టైము కన్నా ఉడకడానికి పట్టే టైము ఎక్కువని లెక్కలో వేసుకోండి. మూడింటికి ఆర్డరిస్తే నా ప్లానంతా పోయినట్టే.

ఇప్పుడు దిగుడు. కుటుంబంతో, సామానుతో కారు 1,500 కిలోలుందనుకోండి. వెయ్యి మీటర్లు దిగేసరికి అది వదుల్చుకోవాల్సిన శక్తి లెక్క కడితే నలభై లీటర్లకు పైగా చన్నీళ్లను మరిగించేంత ఉంటుంది. ఇదంతా ఎక్కడికి పోవాలి? కొంత గాలికి, కొంత టైర్లకు పోగా మిగిలింది ఇంజను తీసుకోవాలి, లేదా బ్రేకులు తీసుకోవాలి. ఇంజనుకు రేడియేటర్ ఉంది. బ్రేకుకు అరచేతిలో పట్టే నాలుగు ప్యాడ్లున్నాయి, లేదా డ్రమ్ములో లైనింగు. అందుకే ఏ గేరులో ఎక్కావో ఆ గేరులో దిగమని పాత డ్రైవర్లు చెప్పేది. సెకండ్‌లో ఉంచితే ఇంజను హోరెత్తుతుంది, లోపలివాళ్లు భయపడతారు. భయపడాల్సిన చప్పుడు కాదది. బ్రేకును మలుపుకు ముందు ఒకసారి గట్టిగా తొక్కి, వేగం తగ్గించి, కాలు తీసెయ్యాలి. సన్నగా తొక్కిపట్టి దిగకూడదు. కాలు తీసినప్పుడే వాటికి గాలి తగిలేది.

ఒకసారి డముకు దగ్గర టీ తాగుతుంటే కొత్త కారులో వచ్చిన కుర్రాడొకడు అడిగాడు.

"అన్నా, ఇక్కణ్ణుంచి న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుంది కదా?"

"మిగలదు బాబూ. నీది ఇంజెక్షన్ బండి. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆగకుండా ఉండడానికి కొంత తాగుతూనే ఉంటుంది."

"అదేంటి, అయితే న్యూట్రల్‌కే ఎక్కువ ఖర్చా?"

"పెట్రోలు ఖర్చు సంగతి అది. మిగతా ఖర్చు నువ్వే ఊహించుకో."

ఆటోమేటిక్ కార్ల వాళ్లకు ఇంకో తిప్పలు. డి లో పెట్టి వదిలేస్తే కొన్ని బండ్లు దిగుడులో పై గేర్లకు పోతుంటాయి, ఇంజను పట్టు ఉండదు. ఎల్ అనో, 2 అనో, ఎం అనో ఏదో ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో ఇంటి దగ్గరే పుస్తకం తీసి చూసుకోండి, ఘాటీలో కాదు. కరెంటు కార్లకు దిగుడు వరమే, మోటారే వెనక్కి కరెంటు తయారుచేసి బండిని పట్టుకుంటుంది. ఒక్క తిరకాసు ఉంది. పైన హోటల్లో బ్యాటరీ నూరు శాతం నింపుకుని బయల్దేరితే ఆ కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు, ఆ పట్టు తగ్గిపోయి బరువంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కొంత ఖాళీ ఉంచుకుని దిగడం మేలు.

దారిలో ఎక్కడైనా కాలిన వాసన ముక్కుకు తగిలితే, లేదా పెడలు మెత్తగా అనిపిస్తే, ఇంకో మలుపు చూద్దాం అనుకోవద్దు. గేరు దించి, వెడల్పు చూసి ఆపండి. గేరులో ఉంచి రాయి పెట్టి అరగంట వదిలెయ్యండి. చక్రం మీద నీళ్లు పొయ్యకండి, కాగిన ఇనుము వంకర పోతుంది. ఆ అరగంటలో ఇంట్లోవాళ్లు ఎంత సణిగినా వినండి. వానాకాలమైతే ఈ లెక్కంతా రెట్టింపు జాగ్రత్త. జలపాతాలు అప్పుడే బాగుంటాయి నిజమే, కొండచరియలు జారేదీ అప్పుడే. రెండు రోజులు గట్టి వాన పడిందంటే నేను కిరాయి ఒప్పుకోను. రోడ్డు మీద కొత్తగా ఎర్రమట్టి, చిన్న రాళ్లు కనిపిస్తే అక్కడ బండి ఆపి పైకి చూడకండి, దాటేసి పొండి.

మంచు దిగితే హై బీమ్ వెయ్యొద్దు, వెలుతురంతా తెల్లటి తెరకు తగిలి మన కళ్లలోకే వస్తుంది. లో బీమ్, ఫాగ్ లైటు, రోడ్డు అంచు తెల్లగీత చాలు. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వెలిగించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఆగావో, కదులుతున్నావో, ఎటు తిరుగుతావో వెనకవాడికి తెలియదు.

అరకు నుంచి పాడేరు వెళ్లి, అటు నుంచి మాడుగుల మీదుగా దిగుదామని కొందరు అంటారు. మాడుగుల హల్వా కోసమని నాకు తెలుసు. హల్వా మంచిదే. కానీ ఆ ఘాటీ వేరు, కొత్తవాళ్లు సాయంత్రం పూట దిగాల్సింది కాదు. ఆ దారి తెలిసిన డ్రైవర్లు కూడా మోదకొండమ్మ పాదాల దగ్గర ఒక దణ్ణం పెట్టుకుని, బ్రేకు ఒకసారి చూసుకుని దిగుతారు. పాడేరులో రాత్రి ఉండి, వంజంగి మేఘాలు చూసి, పొద్దెక్కాక దిగితే అదొక చక్కటి ప్రయాణం.

ఇక ప్రతి కిరాయిలోనూ ఎవరో ఒకరు అడిగేది, గాలికొండ మీద సూర్యాస్తమయం చూసి దిగుదాం అని. పావుగంటే కదా అంటారు. వాళ్లకు హరిత రిసార్టు వాళ్ల ఫోన్ నంబరు ఇస్తాను.